చివరి వరుసలో కూర్చుండి చూడుడు

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలునందు ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు, జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభోత్సవము గావింపగా, టంగుటూరి ప్రకాశం పంతులుగారు తొలి ముఖ్యమంత్రియై బాధ్యతలు స్వీకరింపగా, దశాబ్దుల ఆకాంక్ష ఫలించినదని జనులు ఆనందపరవశులైన ఆ పర్వదినము వెనుక, చరిత్రగ్రంథములలో ఒక్క వాక్యముతో ముగిసిపోవు సంగతి యొకటి కలదు: వచ్చిపడిన కార్యాలయములకును, వాని వెంట వచ్చిన ఉద్యోగులకును చాలినన్ని కప్పులు ఆ పట్టణమున లేవు. గుడారములు వేసిరి. గుడారములలో దస్త్రములు కదలినవి, గుడారములలో సంసారములు సాగినవి. తీరాంధ్ర, రాయలసీమ పెద్దలు వ్రాసికొన్న శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తి ననుసరించి రాజధాని రాయలసీమకు దక్కుట న్యాయమే. ఆ న్యాయమును శంకించువాడను గాను. కాని న్యాయమైన నిర్ణయమునకు సయితము గది కావలెను, నీరు కావలెను, రాత్రి తల దాచుకొను చోటు కావలెను.

ప్రభుత్వమునకు కాలము చేతిలో నుండును. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదునకు తరలిపోవువరకు, మూడేండ్లకు పైగా కర్నూలు ఆ భారమును మోసినది. ఆ వ్యవధిలో లోటుపాట్లను దిద్దుకొనుటకు వీలు కలిగినది. రెండు దినముల సభకు అట్టి సావకాశ మెక్కడిది? ఉదయము పదిగంటలకు మైకు మూగవోయినచో, మధ్యాహ్నమునకు అది బాగుపడినను ప్రారంభోపన్యాసము మరల రాదు. దూరమునుండి వచ్చిన వృద్ధుడు మెట్లెక్కలేక క్రిందనే కూర్చుండిపోయినచో, వచ్చే యేటి సభలో లిఫ్టుండునను మాట ఆయనకు సమాధానము కానేరదు. అందుచేత సభాస్థలమును ముందుగా పోయి కన్నులార చూచుట నిర్వాహకుల పనులలో మొదటిది. మన ప్రాంతమున అది చివరిపని యగుచున్నదను వ్యథతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ సీమలో సభకున్న గౌరవము సామాన్యమైనది కాదు. 1928 నవంబరులో నంద్యాలయందు జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిన మీదటనే, అంతవరకు దత్తమండలములని పిలువబడిన ఈ జిల్లాలకు రాయలసీమ యను పేరు కలిగినది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇల్లు శ్రీబాగ్‌లో కొలదిమంది పెద్దలు కూడి వ్రాసికొన్న ఒడంబడిక తరతరముల చర్చకు మూలమైనది. కొలదిమందికి ఒక ఇంటి చావడియే చాలినది. ఆ మరుసటి యేడు, 1938లో, మాచాని సోమప్పగారి దక్షతతో వెలసిన ఎమ్మిగనూరు చేనేత సహకారసంఘము, మగ్గము ముందు కూర్చున్నవానికి సంఘములో ఓటు కలదను భావమును ఈ పడమటి మెట్టనేలలో నాటినది. పేరు పెట్టుకొన్నది సభలో, హక్కు వ్రాసికొన్నది సభలో, జీవనోపాధిని నిలుపుకొన్నది సభలో. అట్టి ప్రజలను పిలిచి గాలి యాడని హాలులో కూర్చుండబెట్టుట తప్పు.

ఇప్పుడు ఉపాధ్యాయులు, వైద్యులు, పత్తి వర్తకులు, రచయితలు, నేతపనివారు తమతమ సంఘముల జిల్లాసభలను ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఏదో ఒక హోటలులోనో ఫంక్షన్‌హాలులోనో జరుపుకొనుచున్నారు. మేనేజరు ఫోనునకు నాలుగు ఫోటోలు పంపును. పూలమాలలతో, రంగుదీపములతో, ఎవరి పెండ్లినాడో తీసిన ఫోటోలవి. కార్యదర్శి వానిని సభ్యులకు పంపును; 'బాగుంది' అని అందరును బదులిత్తురు; సాయంత్రమునకు అడ్వాన్సు చేరిపోవును. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దును కొనబోయిన రైతు, అమ్మువాడెంత పొగడినను, నోరు తెరచి పండ్లు చూచి, నాలుగడుగులు నడిపించి, కాలిగిట్ట తట్టి చూచినగాని బేరమాడడు. ఆ పాటి పరీక్ష మూడువందలమంది దినమంతయు గడుపవలసిన చోటికి వలదా?

హాలు చూచుటకు ముందు పంచాంగము చూడవలెను. దీనిని ఛాందసమని త్రోసివేయువారు ఈ ప్రాంతము నెరుగనివారు. శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకు, ముఖ్యముగా సోమ, గురువారములందు, జనము ప్రవాహమై సాగుచుండగా ఆదోని బస్సులలో కాలు మోపుటకు చోటుండదు. అదే శ్రావణ బహుళమున మంత్రాలయములో రాఘవేంద్రస్వామి ఆరాధనోత్సవములు వచ్చును. ఆ దినములలో చుట్టుపట్ల లాడ్జిలలో గది దొరకుట దుర్లభము. విజయదశమి రాత్రి దేవరగట్టులో కర్రల సమరముగా సాగు బన్ని ఉత్సవము. ఆ ఒక్క రాత్రి కొరకు పోలీసు బలగమంతయు అటు మరలును. పుష్యమాసమున ఎమ్మిగనూరు రథోత్సవము, దానిని వెన్నంటి పశువుల సంత. పత్తి తీతలు మొదలైన నాటినుండి ఆదోని మార్కెట్ యార్డునకు బండ్లు, లారీలు బారులు తీరును, దూరపు కొనుగోలుదారులు వచ్చి బసలు నింపుదురు. ఇక పెండ్లి ముహూర్తముల మాట చెప్పనేల! మనము మాటాడుకొన్న హాలు మనదే యైనను, ప్రక్కహాలు పెండ్లివారిది కావచ్చును. నడుమ నున్నది చెక్కతెర మాత్రమే కావచ్చును. గణాంకములు వివరించు వక్త నోటిమాటను అవతలి బాండుమేళము మ్రింగివేయును. కావున మేనేజరు నడుగవలసిన తొలిప్రశ్న బాడుగ ఎంతయని గాదు, ఆ తేదీనాడు ఈ కప్పు క్రింద మరెవరెవరు దిగుచున్నారని. ఆయన నోటిమాటతో తృప్తిపడక, బుకింగు పుస్తకమునందలి ఆ పుటను చూపుమని కోరవలెను.

చూచుటకు పోవు వేళయు ముఖ్యమే. సాయంకాలము చల్లగాలిలో, దీపములు వెలిగిన పిమ్మట, ఏ హాలైనను రమ్యముగనే తోచును. మన పడమటి మండలములలో ఏప్రిల్, మే నెలలందు ఉష్ణము 40 డిగ్రీలు దాటుట సర్వసాధారణము. సభ జరుగునది పట్టపగలు. అందుచేత మధ్యాహ్నము రెండుగంటలకు, ఎండ కప్పును కాల్చుచున్న వేళ, పోయి చూడవలెను. ఒక వృత్తిసంఘము వేసవి సభకై మేము కొందరము ఆదోనిలో ఒక హోటలునకు అట్టి వేళనే పోయితిమి. మాలో విశ్రాంత ప్రధానోపాధ్యాయులొకరు గలరు. సంఘమునకు కోశాధికారి, పైసా పైసాకు లెక్క చెప్పు మనిషి. మేనేజరు ముప్పదియేండ్ల యువకుడు, మర్యాదస్థుడు, మజ్జిగ తెప్పించి ఇచ్చినాడు.

"జనరేటరు ఉండాదా నాయనా?" అని పెద్దాయన అడిగినారు.

"ఉండాది సార్. పెద్దదే."

"ఏసీలు గూడా దానిమీద ఆడతాయా?"

"లైట్లు, ఫ్యాన్లు, మైకు ఆడతాయి సార్. ఏసీలంటే... ఇప్పుడు కరెంటు అంతగా పోయేది లేదులే సార్."

"పోదనే అనుకుందాం. ఒక్కసారి మెయిన్ దించి చూపియ్యి నాయనా."

యువకుడు కొంచెము తటపటాయించి, తరువాత తానే వెళ్లి మీట దించినాడు. పెరటి మూలనుండి ఇంజను దగ్గి, ఆగి, మరల దగ్గి, కొంతసేపటికి అందుకొన్నది. దీపములు వెలిగినవి, ఫ్యానులు తిరిగినవి, ఏసీలు మాత్రము నిలిచిపోయినవి. మేము పెరటిలోనికి పోయి ఇంజనుకు బిగించిన రేకుఫలకమును చదివితిమి: 15 కేవీఏ. అనగా వాస్తవమున పండ్రెండు కిలోవాట్లకు మించి అది మోయజాలదు. హాలులో ఒకటిన్నర టన్నుల ఏసీలు పది. ఒక్కొక్కటి ఇంచుమించు ఒకటిన్నర నుండి రెండు కిలోవాట్లు తాగును. లెక్క తేలిపోయినది. తలుపులు, కిటికీలు బిగించి ఏసీలను నమ్మి కట్టిన హాలులో కరెంటు పోయినచో, అరగంటలో మూడువందల దేహముల ఉక్క లోపలనే సుడి తిరుగును. కిటికీలు తెరచుకొనునా యని చూచితిమి. అద్దములను శాశ్వతముగా బిగించియుండిరి. ఇందులో ఆ యువకుని దోష మేమియు లేదు. అడుగువారు లేనందున చెప్పువాడు లేకపోయినాడు.

ఇక హాలులో ఎందరు పట్టుదురను ప్రశ్న. 'ఐదొందలమంది ఈజీగా పడతారు సార్' అనునది ప్రతిచోట వినబడు మాట. పడుట వేరు, కూర్చుండుట వేరు. టేపు వెంట తీసికొని పోవలెను. కుర్చీలు మాత్రమే వరుసగా వేసినచో మనిషికి ఎనిమిది నుండి పది చదరపుటడుగులు కావలెను. వ్రాసికొనుటకు బల్లలు కూడ వేసినచో పదునైదు మొదలు పదునెనిమిది వరకు. మూడువేల చదరపుటడుగుల హాలులో వేదిక, నడకదారులు పోగా కుర్చీలతో రెండువందల యేబదిమంది, బల్లలతో నూటయేబదిమంది సుఖముగా నుందురు. ఐదువందలమంది నిలుచుండి ఊపిరాడక చూచుచుందురు. అమెరికాలోని తెలుగువారి సంఘమైన తానా 1977లో మొదలై రెండేండ్లకొకసారి మహాసభలు జరుపుచున్నది. ఆ దేశమున సమావేశమందిరములలో ఎందరిని అనుమతింపవచ్చునో అధికారులు నిర్ణయించిన సంఖ్యను గోడమీదనే వ్రాసియుంతురు. అచ్చట యజమాని ఔదార్యముతో ఆ సంఖ్య పెరుగదు. ఇట్టి పలక యొకటి మన ఫంక్షన్‌హాలుల గుమ్మములకు పట్టణ పురపాలకసంఘములు తగిలింపజేసినచో ఎంత మేలగును!

చివరి వరుసలో కూర్చుండి చూడుడని శీర్షికలో చెప్పితిని, కారణము వివరింతును. నిర్వాహకులు హాలు చూచునప్పుడు వేదిక నెక్కి, మధ్యన నిలిచి, నలుదిక్కులు కలయజూచి సంతోషింతురు. తాము కూర్చుండబోవునది అచ్చటనే గనుక. పిలువబడినవారు కూర్చుండునది క్రింద. కృష్ణగిరి మండలపు ఏదో పల్లెనుండి తెల్లవారుజామున బయలుదేరి, బస్సు మారి, ఆలస్యముగా చేరిన ఉపాధ్యాయినికి దొరకునది చివరివరుసలో, స్తంభము చాటున, తలుపు ప్రక్కన నున్న కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుండి, వేదికపైనున్న మిత్రుని ఎలుగెత్తక మామూలుగా మాటాడుమని, మైకులో ఒకసారి, మైకు లేక ఒకసారి వినవలెను. తెరమీది అక్షరములు ఆనుచున్నవో లేదో చూడవలెను. నున్నని బండలనేల, నున్నని గోడలు, సిమెంటు కప్పు గల హాలులో గట్టిగా ఒక చప్పట చరచినచో ధ్వని పలుమార్లు మారుమ్రోగును; సన్నాయికి, డోలునకు అది శోభ, ఉపన్యాసమునకు శాపము. జనము నిండినచో ఆ మ్రోత కొంత తగ్గును గాని బొత్తిగా పోదు. గోడలకు మందపు తెరలు వ్రేలాడదీసినచో మేలు. ఎమ్మిగనూరు మగ్గములున్న ప్రాంతములో, జంపఖానాలు, దుప్పట్లు అరువు తెచ్చి గోడలకు కట్టుట కష్టసాధ్యము కాదు. అతిథులకు వాడిపోవు దండల బదులు నేతతువ్వాలలు కప్పుట అంతకంటెను కష్టము కాదు.

ఏ వ్యాసములోను విపులముగా వ్రాయనిదియు, ప్రతి సభలోను స్త్రీలు మౌనముగా సహించునదియు మరుగుదొడ్ల విషయము. దీనిని సంకోచము విడిచి చెప్పవలెను. హాలు ముందరి అద్దపు తలుపులకు, గచ్చు మెరుగులకు లక్షలు వెచ్చించిన యజమాని, స్త్రీలకు రెండే గదులు కట్టి, అందొకదానిలో బకెట్లు, చీపుళ్లు పేర్చియుంచుట నేను చూచితిని. నూరుమంది స్త్రీలు వచ్చు సభలో పదునైదు నిమిషముల విరామమునకు రెండు గదులు ఎట్లు చాలును? చాలవని తెలిసిన స్త్రీ యేమి చేయును? ఉదయమునుండి నీరు త్రాగుట మానివేయును, నలుబది డిగ్రీల ఎండలో! నిర్వాహక సంఘములో స్త్రీ యుండవలెననుటకు ఇంతకంటె బలమైన కారణము నాకు తోచదు. ఆమె లోనికి పోయి గడియ పడునా, నీరు వచ్చునా, దీపము వెలుగునా, చెత్తబుట్ట కలదా, తలుపు మీది అద్దము పగిలియున్నదా యని స్వయముగా చూచి రావలెను. నీటిసంగతి మరింత శ్రద్ధతో విచారింపదగినది. తుంగభద్ర దిగువకాలువ నీరు ఈ పట్టణములకు జీవాధారము. వేసవిలో కాలువ ఆగినప్పుడు నిలువచేసికొన్న నీటితోనే కాలము గడుపుకొనవలెను. మేడమీది తొట్టి ఎన్ని వేల లీటర్లది, అది నిండుటకు ఎంతసేపు పట్టును, కుళాయి రానినాడు ట్యాంకరు ఎచ్చటినుండి వచ్చును, దాని ఖర్చెవరిది? పై అంతస్తు కుళాయిని విప్పి, బకెట్టు నిండువరకు అచ్చటనే నిలుచుండవలెను.

వెనుకటి తలుపు మాట మరవరాదు. 2020 ఆగస్టు 9వ తేదీ తెల్లవారుజామున విజయవాడలో, కోవిడ్ రోగుల సంరక్షణకు వాడుచుండిన హోటలులో మంటలు లేచి పదిమంది మరణించిరి. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో, విద్యుత్ స్కూటర్ల షోరూము పైనున్న హోటలు గదులలోనికి పొగ కమ్మి ఎనిమిదిమంది ప్రాణములు కోల్పోయిరి. పొగ మెట్లవెంటనే పైకి ప్రాకును, మనుష్యులు ఆ మెట్లవెంటనే క్రిందికి దిగజూతురు. రెండవ మార్గమున్నవాడు బ్రతుకును. మేము చూచిన హోటలులో రెండవ మార్గమున్నది. దాని తలుపునకు గొలుసు, గొలుసునకు తాళము, తలుపు వెనుక మెట్లమీద కాళ్లు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు కప్పు తాకునట్లు పేర్చియుండినవి. తాళముచెవి ఎవరియొద్ద నున్నదని అడుగగా, వాచ్‌మన్ యొద్దనని చెప్పిరి. వాచ్‌మన్ ఊరికి పోయియుండెను. అగ్నిమాపకశాఖ పత్రము ఎప్పటివరకు చెల్లునో ఆ తేదీని చదువుట, ఆర్పు సిలిండరు మీద నింపిన తేదీని చదువుట, మెట్లు దిగి వీధిలోనికి నడచి చూచుట, ఇవి అరగంట పని. దీనిని అపనమ్మకమని ఏ మేనేజరును నొచ్చుకొనరాదు, ఏ కార్యదర్శియు మొగమాటపడరాదు.

భోజనమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. రుచి చూపుటకని ప్రత్యేకముగా వండించినది తిని నిర్ణయింపరాదు. చెప్పకుండ పోయి, అందరితోపాటు కూర్చుండి, టోకెను కొని తినవలెను. ఉదయము ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నము జొన్నరొట్టె, గుత్తివంకాయ దొరకు చోట, ఎచ్చటినుండియో నేర్చిన రంగుకూరలను బఫేలో పేర్చుట నాకు సమ్మతము గాదు. ఆదోనిలో సభ శుక్రవారమైనచో ముస్లిం సోదరులకు జుమా నమాజునకు తగిన విరామము కార్యక్రమపత్రములోనే చూపవలెను. ఎమ్మిగనూరునకు రైలు లేదు, ఆదోనికి కలదు. రెంటికిని నడుమ సుమారు ముప్పది కిలోమీటర్లు. కావున రైలులో వచ్చువారెందరు, బస్సులో వచ్చువారెందరు, పల్లెలకు చివరిబస్సు ఎన్నిగంటలకు అను లెక్కమీదనే ఊరిని నిర్ణయించి, ఆ చివరిబస్సునకు గంట ముందే సభను ముగింపవలెను. రాత్రి సాంస్కృతిక కార్యక్రమములున్నచో, 2000 నాటి శబ్దకాలుష్య నియమముల ప్రకారము పదిగంటల తరువాత ఆరుబయట లౌడ్‌స్పీకరు సాధారణముగా నిషిద్ధమని కళాకారులకు ముందే తెలుపుట మర్యాద.

చూచినదంతయు కాగితముపై పెట్టనిచో చూచిన ఫలము దక్కదు. అడ్వాన్సు రసీదుపై తేదీ, సొమ్ము మాత్రమే యుండుట మన అలవాటు. మా పెద్దాయన ఆనాడే ఆ హోటలు బల్లమీద తెల్లకాగితము పరచుకొని, హాలు ఎన్నిగంటలకు చేతికి వచ్చును, ప్రక్కహాలులో మేళము లేదను హామీ, ఏసీలను మోయగల జనరేటరును బాడుగకు తెచ్చు బాధ్యత, దాని డీజిలు ఖర్చు, స్త్రీలకు మరి రెండు గదులు తెరచుట, నీటి ట్యాంకరు, సభ రద్దయినచో తిరిగి వచ్చు సొమ్ము, వీనినన్నిటిని తన గుండ్రని దస్తూరితో వ్రాసినారు. మేనేజరు నొచ్చుకొనునేమో యని మాలో కొందరు సందేహించిరి. ఆ యువకుడు కాగితమును రెండుసార్లు చదివి, "వెనకతలుపు సంగతి గూడా రాయండి సార్. నేను చెప్తే ఓనరు వినడు, కాగితం చూపిస్తే వింటాడు" అన్నాడు. గొలుసు తీసివేసి, మెట్లమీది కుర్చీలు తొలగించి, తాళముచెవిని హాలులోనే వ్రేలాడదీసిన పిమ్మట, సభకు ముందటి దినము మేము మరల చూచిన తరువాతనే రెండవ విడత సొమ్ము చెల్లింపబడునని పెద్దాయన ఆ షరతును చివర చేర్చి, ఇరువురి సంతకములు చేయించినారు.